నాలుగంగుళాల లూజు

దర్జీ ముప్ఫై ఏళ్ళుగా ఏ మనిషి ఒంటినీ ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టలేదు. ఛాతీ ముప్ఫై ఎనిమిది అంగుళాలుంటే పుస్తకంలో నలభై రెండు రాసేవాడు. మెడ పదిహేనుంటే పదహారు. నిడివి ఎంతున్నా దానికి మరో రెండంగుళాలు, మడత కోసం. ఇందులో మోసమేమీ లేదు. ఒంటికీ గుడ్డకూ నడుమ గాలి ఆడవలసిన చోటును ఆ వృత్తిలో లూజు అంటారు. అది లేని చొక్కా చొక్కా కాదు, అరటిపండు తొక్క. తక్కిన దర్జీలు ఒంటి కొలత రాసుకొని, గుడ్డ కోసేటప్పుడు లూజు కలుపుకొంటారు. ఈయనకు పని నేర్పిన గురువు మతిమరుపు మనిషి కావడం చేత, ముందే కలిపి రాయమని నేర్పాడు. ఆ పాఠం శిష్యుడికి ఎంతగా ఒంటబట్టిందంటే, టేపు మీద ముప్ఫై ఎనిమిది చూసిన కంటి నుంచి ఆ కబురు చేతికి చేరేలోపు దారిలో ఎక్కడో నలభై రెండయ్యేది. కలుపుతున్నానన్న స్పృహ ఆయనకు ఏనాడో పోయింది.

ఆయన దుకాణం ఒక మూడంతస్తుల ఇంట్లో కింది గది. వీధివైపు అద్దాల తలుపు, దాని పక్కన రెండు కుట్టుమిషన్లు, గోడ పొడవునా కటింగు బల్ల, మూలన తెర కట్టిన ట్రయలు గది. కాపురం ఆ పై అంతస్తులో. కాజాలు, గుండీలు, హెమ్మింగు ఆయన భార్య చూసుకొనేది. వీధిలో అందరూ ఆమెను కాజాలమ్మ అనేవారు. ఆమె సూది ఎంత పదునో నోరూ అంతే పదునని కూడా అనేవారు గాని, ఆ మాట ఆమె వినని దూరానికి వెళ్ళాక.

కటింగు బల్ల కింద, పేలికల కుప్ప మీద, బొంత ఉండేది. బొంత అంటే కుక్క. ఆరేళ్ళ క్రితం ఒక వాన ఉదయం తడిసి ముద్దయి, ఆ పేలికల్లో దూరి పడుకొని, మరి ఎక్కడికీ వెళ్ళలేదు. గోధుమరంగు, నలుపు, తెలుపు ముక్కలు అతుకులు వేసి కుట్టినట్టున్న దాని ఒళ్ళు చూసి కాజాలమ్మే ఆ పేరు పెట్టింది. పెరిగిన కొద్దీ దానికి వెడల్పాటి తల, బండలాంటి దవడ, పూటుగా తిని పోట్లాటకు బయలుదేరిన వస్తాదు మొహం వచ్చాయి. కొత్తవాళ్ళు అద్దంలోంచి ఆ మొహం చూసి, చొక్కా కుట్టించుకోవడం వచ్చే నెలకు వాయిదా వేసుకొనేవారు. నిజానికి అది ఇస్త్రీపెట్టె బుస్సుమంటే కాజాలమ్మ కుర్చీ వెనక నక్కే జీవి. జీవితంలో అది కరిచిన వస్తువులు రెండే: ఒక బాబిను, ఒక సుద్దముక్క.

దానికి ఒక్క విద్య వచ్చు. దర్జీ మెడలోంచి టేపును సర్రున లాగిన చప్పుడు వినబడితే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి, ముందుకాళ్ళు జతచేసి, తల ఎత్తి, ఛాతీ పొంగించి నిలబడేది. బల్ల కింద నుంచి ఆరేళ్ళుగా అది చూసిన మగవాళ్ళందరూ టేపు కనబడగానే చేసిన పని అదే మరి.

కుక్కల చట్టం ఆ ఇంటికి వచ్చి రెండు నెలలైనా దర్జీకి తెలియలేదంటే, కారణం చదవకపోవడం కాదు, కత్తిరించడం. నగర కార్యాలయం పంపిన ప్రకటనను రెండో అంతస్తు గుమాస్తాగారు మెట్ల దగ్గర గోడకు అంటించారు. ఆయన ఒక ప్లీడరు దగ్గర నలభై ఏళ్ళు పనిచేసి విరమించుకొని, ప్రస్తుతం ఆ ఇంటి సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. జిగురు చాలక ప్రకటన జారి దుకాణం గుమ్మం ముందు పడింది. మందపాటి కాగితం, ఒకవైపు తెల్లగా ఉంది. మంచి కాగితం కనబడితే దర్జీకి దాని మీది అక్షరాలు కనబడవు. ఆ పూటే దానిని ఒక చొక్కా చేతికి నమూనాగా కోసి, మిగిలిన ముక్కను కాలరు చేసి, మేకుకు తగిలించాడు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం కాజాలమ్మ మేకు మీది కాగితాలు దులుపుతూ ఆగింది.

"ఏమండీ, ఈ చెయ్యి ఎప్పుడైనా చదివారా?"

"చెయ్యి చదవడానికి నేనేమన్నా జోస్యం చెప్పేవాణ్ణా?"

"ఈ కాయితం చెయ్యండీ బాబూ! వెనకాల అచ్చుంది. 'ప్రమాదకర జాతుల కుక్కల పెంపకము' అంట. 'జాతి తెలియని కుక్కల యజమానులు భుజము వద్ద ఎత్తు, ఛాతీ, మెడ కొలతలు స్వయముగా రాసి, సంతకము చేసి, ప్రకటన తేదీ నుండి రెండవ నెలాఖరులోగా కార్యాలయమునకు...' అక్కడ మీరు చంక వంపు తీసేశారు."

"నెలాఖరంటే?"

"ఇవాళే."

దర్జీ కత్తెర కింద పెట్టాడు. "మనదేం ప్రమాదకరం కాదు కదే?"

"జాతి తెలుసా మీకు?"

ఆయన వంగి బల్ల కిందికి చూశాడు. బొంత తోకతో పేలికలను రెండుసార్లు కొట్టింది. "అతుకుల జాతి," అన్నాడు.

"అలా రాస్తే ఊరుకుంటారా? కొలవండి. అడిగింది కొలతలే కదా, మీకు చేతకానిదేమైనా అడిగారా?"

ఆ ఊళ్ళో తక్కిన యజమానులు కుక్కను గోడకు ఆనించి, తాడు చుట్టి, స్కేలు పెట్టి నానా తంటాలూ పడి ఉంటారు. దర్జీకి ఒక్క నిమిషం పట్టింది. టేపు సర్రుమంది. బొంత లేచి, ఛాతీ పొంగించి, సిపాయిలా నిలబడింది. ఛాతీ పొంగించిన మనిషిని కొలిచే దర్జీ దర్జీ కాడు, అందుకే ఆయన ఎవరికైనా టేపు చుట్టి, బిగించకుండా, "ఇంట్లో అందరూ కులాసానా?" అని అడిగేవాడు. జవాబు చెప్పబోయే మనిషి ముందు ఊపిరి వదులుతాడు. టేపు బిగించవలసిన క్షణం అది. బొంతను కూడా అలాగే అడిగాడు. అది నిట్టూర్చింది. ఆయన చూశాడు, రాశాడు: ఎత్తు ఇరవై మూడు, ఛాతీ ముప్ఫై నాలుగు, మెడ పంతొమ్మిది. కింద గుండ్రంగా సంతకం చేసి, తానే వెళ్ళి కార్యాలయం ముందున్న పెట్టెలో వేసి, చట్టానికి తలవంచిన పౌరుడి తృప్తితో తిరిగి వచ్చాడు.

పదో నాడు ఒక సన్నటి మనిషి, చంకలో ఫైలుతో, వీధిలోనే నిలబడి అద్దం మీద తట్టాడు.

"కుక్కల తనిఖీ ఇన్‌స్పెక్టర్ని. కుక్కను కట్టేశారా?"

"నిద్రపోతోంది సార్, లోపలికి రండి," అన్నాడు దర్జీ.

"నిద్ర లేస్తే?"

"మళ్ళీ పడుకుంటుంది."

ఇన్‌స్పెక్టరు ఒక్క కాలు మాత్రం గుమ్మంలో పెట్టి, ఫైలు తెరిచి చదివాడు. జాతి తెలియని కుక్కకు చట్టం మూడు హద్దులు పెట్టింది: ఎత్తు ఇరవై రెండు అంగుళాలు, ఛాతీ ముప్ఫై రెండు, మెడ పద్ధెనిమిది. మూడింటిలో ఏ రెండు హద్దులు అందుకున్నా ఆ కుక్క ప్రమాదకర జాబితాలోకి వస్తుంది. జాబితాలోని కుక్క ఉమ్మడి మెట్లున్న ఇంట్లో ఉండరాదు. దానిని ఊరి బయట కార్యాలయం వారి షెడ్డుకు తరలిస్తారు. "మీ కుక్క మూడూ దాటింది," అన్నాడు. "వచ్చే శుక్రవారం పదిగంటలకు తీసుకురండి. నేను స్వయంగా కొలిచి ఖాయం చేస్తాను. వచ్చేటప్పుడు దానికి పసుపురంగు తొడుగు, వీపు మీద ఈ నంబరు ఉండాలి. ఖాయమైతే అట్నుంచి అటే షెడ్డుకు."

కాజాలమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "అట్నుంచి అటేనా? అదేం తప్పు చేసిందని?"

"తప్పు చేసిందని కాదమ్మా. కొలతలు."

"పుట్టి ఇన్నేళ్ళలో అది ఎవర్నీ కరవలేదండీ!"

"చట్టంలో ఈ గడి దగ్గర అది అడగలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాట అనడానికి ఆయనకూ అంత హాయిగా ఉన్నట్టు లేదు. ఉమ్మడి మెట్లు చూసి రాసుకోవలసి ఉందని చెప్పి, బొంత వైపు ఒక కన్ను ఉంచి, పైకి వెళ్ళాడు.

రెండు నిమిషాల తర్వాత పైనుంచి ఒక సన్నటి మొరుగుడు, ఒక లావుపాటి కేక వినబడ్డాయి. గుమాస్తాగారికి ముత్యం అని ఒక కుక్క ఉంది. తెల్లగా, బొచ్చుగా, దూదిఉండంత ఉంటుంది. పాలవాడు, తపాలా మనిషి, నీటి మీటరు చూసే అమ్మాయి, అందరికీ దానితో పరిచయముంది. అందరి పరిచయమూ చీలమండ దగ్గరే. ఇన్‌స్పెక్టరు కుంటుకుంటూ దిగివచ్చాడు. చర్మం చిట్లలేదు గాని ప్యాంటు అంచు చీరుకుపోయి వేలాడుతోంది.

"స్టూలెక్కండి, కుట్టేస్తాను," అంది కాజాలమ్మ. ఆయన మొహమాటపడుతూ స్టూలెక్కి నిలబడ్డాడు. ఆమె దారం కొరుకుతూ, తల ఎత్తకుండా అంది: "ప్రమాదకరమైంది కింద పడుకుంది. కరిచింది మాత్రం పైది. మీ చట్టం మా గొప్పగా ఉంది సార్."

"పైదాని సంగతికి వేరే కాయితం ఉందమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, బొంత ఆవులింత వైపు చూస్తూ. దాని నోట్లో ఎన్ని పళ్ళున్నాయో ఆయన లెక్కపెట్టుకొంటున్నట్టు కనిపించాడు.

ఆ వారం దుకాణంలో మిషను చప్పుడు తగ్గింది. దర్జీ ఒక కాలరును తలకిందులుగా కుట్టాడు. ఒకాయన ప్యాంటుకు మూడు జేబులూ ఒకే పక్క పెట్టాడు. బొంత వెళ్ళిపోతే ఆ బల్ల కింద ఏముంటుందన్న ప్రశ్న ఆయన కాళ్ళకు అడ్డం పడుతూ ఉండేది. కుట్టుతున్నంతసేపూ ఆ కుక్క వెచ్చటి వీపు మీద పాదం ఆనించడం ఆరేళ్ళ అలవాటు. కాజాలమ్మ ఏడవలేదు. ఏడుపు వచ్చినప్పుడల్లా ఎవరినో ఒకరిని తిట్టేది. ఎక్కువగా దొరికింది ఆయనే.

బుధవారం మధ్యాహ్నం ఆయన పసుపు తొడుగు మొదలుపెట్టాడు. పోయేదైనా, పోయే కుక్క మంచి కుట్టు వేసుకొని పోవాలని ఆయన పట్టుదల. తానిచ్చిన కాగితంలోని కొలతలనే పుస్తకంలోకి ఎక్కించుకొని, వాటి ప్రకారమే గుడ్డ కోశాడు. నాలుగు కాళ్ళకు నాలుగు చంకలు తీయడం కొత్త పని కావడంతో దుఃఖం మధ్యలో కాస్త ఉత్సాహం కూడా వచ్చింది. నంబరును నల్లగుడ్డతో అతికాడు. అంచులకు జంటకుట్టు వేశాడు. సాయంత్రం నాలుగింటికి తొడిగి చూస్తే, బొంత పెళ్ళికి తయారైన పెద్దమనిషిలా ఉంది.

కాజాలమ్మ దాని వీపు మీద గుడ్డను చిటికెతో పట్టి లాగింది. పొట్ట కింద చెయ్యి పెట్టింది. ఇటు నాలుగు వేళ్ళు దూరాయి, అటు నాలుగు వేళ్ళు దూరాయి.

"ఇదేంటండీ, ఒంటికి పట్టలేదు?"

"ఒంటికి పట్టడమేంటే? ఇదేమన్నా మేజోడా? లూజు ఉండొద్దూ?"

"ఉండాలి. ఎంత పెట్టారు?"

"ఎప్పుడూ పెట్టేదే. నాలుగు."

"అది సరే. దేని మీద పెట్టారు? కోసేటప్పుడు కలిపారా?"

"కోసేటప్పుడు నేనెప్పుడైనా కలిపానా? పుస్తకంలో ఉన్నదే కోస్తాను. పుస్తకంలో రాసేటప్పుడే..."

అని దర్జీ ఆగిపోయాడు. ఆయన చెవి మీది పెన్సిలు జారి కింద పడింది. బొంత దానిని వాసన చూసింది.

"ఆ పుస్తకంలోకి మీరు ఎక్కించింది ఆఫీసులో ఇచ్చిన కొలతలే కదా?" అంది కాజాలమ్మ, చాలా నెమ్మదిగా.

"అవును."

"అంటే మీరు ఆఫీసుకు రాసిచ్చింది కుక్క కొలతలు కాదు. కుక్క చొక్కా కొలతలు!"

ఆమె టేపు లాక్కొంది. చదవడం తనదేనని, ఆయన చేతులు వెనక్కి కట్టుకొని కులాసా మాత్రం అడగాలని షరతు పెట్టింది. ఆయన అడిగాడు. బొంత నిట్టూర్చింది. ఎత్తు ఇరవై ఒకటి. ఛాతీ ముప్ఫై. మెడ మాత్రం పద్ధెనిమిది, సరిగ్గా హద్దు మీద. ఒక్కటి అందింది, రెండు అందలేదు. కాజాలమ్మ అప్పుడు ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. "తన గొయ్యి తాను తవ్వుకునేవాళ్ళని చూశాను గాని, కుక్కకు గొయ్యి తవ్వి దానికీ లూజు పెట్టినవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నాను!"

ఇద్దరూ పైకి పరిగెత్తారు. గుమాస్తాగారు ముత్యాన్ని చంకలో అదిమిపట్టుకొని తలుపు తీశారు. అది గుర్రుమంటూనే ఉంది. జరిగింది విని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొన్నారు.

"ఇది చిక్కేనోయ్. సంతకం చేసిన కాయితం. ఇప్పుడెళ్ళి తప్పు రాశానంటే, షెడ్డు మాట విన్నాక కుక్కను కుదించావంటారు. తప్పుడు వాంగ్మూలమంటే మళ్ళీ అదో కేసు."

"నిజం చెబితే నమ్మరా బాబాయిగారూ?"

"నమ్మడానికి సాక్ష్యం కావాలి. నీ లూజుకు సాక్ష్యం ఏది? చట్టమంటే ముందు చదువుకోవాలోయ్. నేను చూడు, వచ్చిన రోజే ఆ ప్రకటన మూడుసార్లు చదివాను. పెద్ద కుక్కల నిబంధనలు నాకు కంఠతా వచ్చు."

"మరి చిన్న కుక్కలవి?" అంది కాజాలమ్మ.

"చిన్న కుక్కలకు నిబంధనలేంటమ్మాయ్? మా ముత్యం ఛాతీ చూశావా, నీ గుప్పెడంత!" అని ఆయన నవ్వారు. ముత్యం ఆయన చొక్కా గుండీ కొరికింది.

శుక్రవారం పదింటికి ఒక చేతిలో తాడు, ఒక చేతిలో కొలతల పుస్తకాలు మూడు పట్టుకొని దర్జీ, పసుపు తొడుగులో బొంత, వాళ్ళ వెనక అన్నిటికీ సిద్ధపడి వచ్చిన కాజాలమ్మ కార్యాలయంలో అడుగుపెట్టారు. పొడవాటి గది, ఇనుప బీరువాలు, కిటికీ దగ్గర తూకపు యంత్రం. ఇన్‌స్పెక్టరు బల్లకు అవతలి పక్క కూర్చున్నాడు. బొంతను చూడగానే కుర్చీని మరో మూరెడు వెనక్కి జరిపాడు. బయట షెడ్డు బండి ఆగి ఉంది.

దర్జీ చెప్పింది ఆయన పూర్తిగా విని, పెదవి విరిచాడు. "మాస్టారూ, ఈ నెలలో ఇలా చెప్పినవాళ్ళలో మీరు పదకొండోవారు. ఒకాయన కొలిచినప్పుడు కుక్క భోంచేసి ఉందన్నాడు. ఒకావిడ దువ్వినప్పుడు బొచ్చు లేచిందంది. చట్టం వచ్చాక ఈ ఊళ్ళో కుక్కలన్నీ చిక్కిపోతున్నాయి."

"మా కుక్క చిక్కలేదు సార్. నేనే లావుగా రాశాను."

"ముప్ఫై ఏళ్ళ దర్జీకి కొలవడం రాదని నన్ను నమ్మమంటారా?"

"కొలవడం వచ్చు. రాయడం రాదు," అంది కాజాలమ్మ. "కావాలంటే మీరే కొలిపించుకోండి. టేపు మీరు చూడండి, నోటితో ఆయన్ని చెప్పమనండి."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆలోచించి, గోడ గడియారం చూసి, లేచి నిలబడ్డాడు. దర్జీ టేపు ఛాతీకి చుట్టి, "ఇంట్లో అందరూ కులాసానా సార్?" అన్నాడు. "ఆఁ, కులాసా..." అంటూ ఇన్‌స్పెక్టరు ఊపిరి వదిలాడు.

"నలభై," అన్నాడు దర్జీ.

ఇన్‌స్పెక్టరు గడ్డం వంచి టేపు చూసుకొన్నాడు. "ముప్ఫై ఆరు కదండీ ఇది?"

"అవును సార్, ముప్ఫై ఆరే. నలభై."

"ముప్ఫై ఆరా, నలభైయా?"

"ముప్ఫై ఆరుకు నలభై సార్," అన్నాడు దర్జీ, ఆ మాటలో విడ్డూరమేముందో తెలియని ముఖంతో. "మెడ పదిహేనున్నర."

"టేపు మీద పద్నాలుగున్నరే ఉంది!"

"చూశారు కదా," అంది కాజాలమ్మ. "పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళని చెబితే, ఈయన వెళ్ళి వాళ్ళమ్మకు ఇరవై మూడని చెప్పారు. ఆ పెళ్ళి కుదరడానికి ఎంత కష్టపడ్డామో మాకే తెలుసు."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకొన్నాడు. ఫైలులో ఏదో రాసుకొన్నాడు. "సరే. వాంగ్మూలం తప్పని ఒప్పుకొంటాను. కావాలని చేసింది కాదని కూడా రాస్తాను. కానీ చట్టం ప్రకారం కుక్కను కొలవాల్సింది నేను, నా చేత్తో, ఈ ఆఫీసు టేపుతో. అది ఎంత చూపిస్తే అంత. ఆ తర్వాత మాటల్లేవు."

కాజాలమ్మ బొంత తొడుగు విప్పింది. మెడ పద్ధెనిమిది వచ్చింది. మొదటి హద్దు అందింది. ఎత్తు ఇరవై ఒకటి. ఆ రెండు కొలతలూ ఇన్‌స్పెక్టరు చేతులు పూర్తిగా చాపి, మొహం కిటికీ వైపు తిప్పుకొని తీశాడు. ఇక మిగిలింది ఛాతీ. ముప్ఫై రెండు వస్తే బండి, రాకపోతే ఇల్లు. ఛాతీ కొలవాలంటే మాత్రం కుక్కను కౌగిలించుకోక తప్పదు. ఆయన మోకాళ్ళ మీద కూర్చొని, చెమట తుడుచుకొని, టేపును సర్రున విదిలించాడు.

ఆ చప్పుడు వినగానే బొంత తనకు తెలిసిన ఒకే ఒక్క విద్యను ప్రదర్శించింది. కొత్త గది, కొత్త మనిషి, పెద్ద సభ. దానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకలేదు. ముందుకాళ్ళు జతచేసి, తల ఎత్తి, మునుపెన్నడూ లేనంతగా ఛాతీ పొంగించి బిగబట్టింది.

ఇన్‌స్పెక్టరు కళ్ళు చికిలించి చదివాడు. "ముప్ఫై... ముప్ఫై రెండు."

కాజాలమ్మ గోడకు చేరబడింది. దర్జీ ఒక అడుగు ముందుకు వేసి అన్నాడు: "సార్, కలం ఎత్తకండి. ఒక్క నిమిషం. ఊపిరి బిగబట్టిన ఒంటిని కొలవకూడదు సార్. మీ చట్టం మాట నాకు తెలీదు, మా పనిలో అది మొదటి పాఠం. అది ఊపిరి బిగబట్టింది."

"అయితే వదలమనండి!"

"అది వదలదు సార్. ఎందుకంటే, మీరు కూడా బిగబట్టి ఉన్నారు."

నిజమే. మోకాళ్ళ మీద, బొంత మెడకు రెండంగుళాల దూరంలో ముక్కు పెట్టుకొని ఉన్న ఇన్‌స్పెక్టరు, గుమ్మం దాటి కుక్క వచ్చినప్పటి నుంచి సరిగ్గా ఊపిరి తీసుకోలేదు. మొహం ఎర్రబడి ఉంది. దర్జీ చేతులు వెనక్కి కట్టుకొని, వాళ్ళిద్దరి పక్కనా నేల మీద చతికిలబడి, దుకాణంలో అడిగినట్టే, తొందర లేకుండా అడిగాడు.

"ఇంట్లో అందరూ కులాసానా సార్?"

"ఆఁ... అమ్మాయికి జలుబు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, పెద్దగా నిట్టూరుస్తూ.

"ఏరా బొంతా, నువ్వు కులాసానా?"

బొంత ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. ఆయన చెవి పక్కగా ఒక సుదీర్ఘమైన, వెచ్చని నిట్టూర్పు విడిచి, తన బండ తలను తీసుకెళ్ళి ఆయన భుజం మీద పెట్టింది. దాని పక్కటెముకలు టేపు లోపల మెల్లగా దిగాయి. ఇన్‌స్పెక్టరు కదలలేదు. కదలడానికి భయపడ్డాడో, ఇష్టపడలేదో చెప్పడం కష్టం. టేపును బిగించి, కిందికి చూసి, గట్టిగా చదివాడు.

"ముప్ఫై."

మరోసారి బిగించి చూశాడు. మళ్ళీ ముప్ఫై. కాజాలమ్మ ఆ గదిలో ఉన్న అందరినీ, షెడ్డు బండినీ, చట్టాన్నీ, భర్తనూ కలిపి ఒకే గుక్కలో తిట్టి, చెంగుతో కళ్ళు తుడుచుకొంది.

జాబితాలో లేకపోయినా ప్రతి కుక్కకూ మెడలో బిళ్ళ ఉండాలని, వీధిలో తాడు ఆరడుగులకు మించరాదని, ఇవి ఆరేళ్ళుగా ఉన్న నిబంధనలని ఇన్‌స్పెక్టరు చెప్పి, ప్రకటన ప్రతి ఒకటి కొత్తది ఇచ్చాడు. "దీన్ని కొయ్యకండి మాస్టారూ," అన్నాడు. దర్జీ దానిని ట్రయలు గది అద్దం పక్కన నాలుగు మూలలా మేకులు కొట్టి తగిలించాడు. ఆ నెలలోనే చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చిన ఏడుగురు కుక్కల యజమానులు గుండీలు పెట్టుకొంటూ దానిని చదివి, చొక్కా సంగతి మరచిపోయి, కొలతలు తీయడానికి ఇంటికి పరిగెత్తారు. అందులో ఒకాయన లోపలి చొక్కాతోనే వెళ్ళాడు. ఆ శుక్రవారానికి పదకొండో రోజున ఇన్‌స్పెక్టరు స్వయంగా ఒక చొక్కా గుడ్డ పట్టుకొని వచ్చాడు. గుమ్మంలో ఆగకుండా సరాసరి వచ్చి బల్ల కిందికి వంగి, "కులాసానా?" అన్నాడు.

మరుసటి సోమవారం గుమాస్తాగారు మెట్లు దిగివచ్చారు. ఒక చంకలో ముత్యం, రెండో చేతిలో కార్యాలయం వారి కాయితం. మనిషి కాస్త ముడుచుకొని ఉన్నారు.

"ఏమోయ్, ఆ ప్రకటనలో పదకొండో నిబంధన నువ్వు చూశావా?"

దర్జీ ట్రయలు గది వైపు వెళ్ళబోయాడు. "ఎందుకండీ, ఇక్కడే ఉంది," అని కాజాలమ్మ మేకు మీది పాత కాలరు నమూనా తీసి తిరగేసింది. "'ఒకసారి కరిచినట్టు ఫిర్యాదు వచ్చిన కుక్క, పరిమాణము ఎంతైనను, బయటికి వచ్చునప్పుడు పసుపు తొడుగు ధరింపవలెను.' ఇన్నాళ్ళూ కాలరులోనే ఉంది బాబాయిగారూ. మూడుసార్లు చదివామన్నారే?"

"చదివానమ్మాయ్," అన్నారు గుమాస్తాగారు నేల చూపులు చూస్తూ. "పెద్ద కుక్కలవే చదివాను. అవి అవతలివాళ్ళవి కదా, శ్రద్ధగా చదివాను." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నారు: "మీ దగ్గర ఆ పసుపుది మిగిలి ఉంది కదోయ్? కాస్త చిన్నది చేసి పెడతావా?"

బొంత తొడుగులో ముత్యాలు నాలుగు పడతాయి. దర్జీ ఆనందంగా దానిని విప్పదీశాడు. ముత్యాన్ని కటింగు బల్ల మీద నిలబెట్టారు. అది నాలుగు కాళ్ళూ బిర్రబిగించి, పళ్ళు బయటపెట్టి, టేపును, చేతిని, కత్తెరను, వరసగా అన్నింటినీ బెదిరించసాగింది. కాజాలమ్మ పుస్తకం తెరిచి, పెన్సిలు తడిచేసుకొని సిద్ధంగా కూర్చుంది. ఆ శుక్రవారం నుంచి దుకాణంలో ఒంటి కొలతలు రాయడం ఆమె పని, కోసేటప్పుడు లూజు గుర్తుచేయడం కూడా.

టేపు సర్రుమంది. బల్ల కింద నుంచి బొంత లేచి, వచ్చి ముత్యానికి ఎదురుగా ముందుకాళ్ళు జతచేసి, తల ఎత్తి, ఛాతీ పొంగించి నిలబడింది. అంత పెద్ద మొహాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూడని ముత్యం ఆశ్చర్యంతో గుర్రుమనడం మరచిపోయి, నోరు మూసుకొంది.

"ఇంట్లో అందరూ కులాసానా?" అని అడిగాడు దర్జీ.

బల్ల మీద ఒక చిన్న నిట్టూర్పు వినిపించింది. ఆయన టేపు బిగించాడు.

"పదహారు," అన్నాడు.

కాజాలమ్మ తల ఎత్తకుండా పన్నెండు రాసింది.